యంత్రం కదులుతుండగా అడిగే ప్రశ్న

మసాలా పొడి ప్యాకెట్టు, షాంపూ పౌచ్, మందుబిళ్లల స్ట్రిప్పు – ఇలా రోజూ మన చేతికొచ్చే వస్తువుల్లో చాలావాటిని తయారుచేసే యంత్రం లోపల మోషన్ కంట్రోలర్ అనే చిన్న కంప్యూటరు ఉంటుంది. ఏ మోటారు ఎంత దూరం తిరగాలో, ఎంత వేగంతో తిరగాలో అది చెబుతుంది. మోటారు వెనక బిగించిన ఎన్‌కోడర్ ద్వారా నిజంగా ఎంత తిరిగిందో కనిపెడుతూ, తేడా వస్తే సెకనులో వెయ్యో వంతులోనే దిద్దుతుంది. ఈ దిద్దుబాటు సంగతి కంట్రోలర్ తయారుచేసినవాళ్లే చూసుకున్నారు. ప్రోగ్రాం రాసే మనిషికి మిగిలింది వేరే పని. ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి, ఏం జరిగితే ఏ దారి పట్టాలి అన్నది అతను తేల్చాలి. ఇఫ్, దెన్, ఎల్స్ అని రాసే షరతులన్నీ ఇందుకే. ఈ షరతుల గురించి ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. లెక్కల పుస్తకంలో షరతు నిజమో అబద్ధమో తేలితే చాలు. కదిలే యంత్రంలో అది చాలదు. ఆ ప్రశ్నను ఏ క్షణాన అడిగాం, వచ్చిన జవాబు ఎంతసేపు చెల్లుతుంది అన్న రెండు విషయాలు కూడా షరతులో భాగమే. వీటిని వదిలేసి రాసిన షరతు తర్కానికి ఎంత సరిగ్గా ఉన్నా యంత్రం దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది.

పౌచ్ ప్యాకింగ్ యంత్రాన్నే దగ్గరగా చూద్దాం. అచ్చువేసిన ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్ట నుంచి సర్వో మోటారు ఫిల్మును లాగుతుంది. ఒక్కో పౌచ్ పొడవు 120 మిల్లీమీటర్లు అనుకుందాం. ప్రతి పౌచ్‌కూ అంచున ఒక నల్లటి గుర్తు అచ్చయి ఉంటుంది, దాన్ని ఐ మార్క్ అంటారు. ఆ గుర్తు ఫొటో సెన్సర్ కిందికి రాగానే ఫిల్మ్ ఆగాలి, సీల్ పడాలి, కట్టర్ కోయాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు దీన్ని ఒక్క వాక్యంలో రాసేస్తారు: సెన్సర్ ఆన్ అయితే మోటారు ఆపు. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. ఇప్పుడు అంకెలు పెట్టి చూడండి. ఫిల్మ్ సెకనుకు 500 మిల్లీమీటర్ల వేగంతో వస్తోంది. ఈ షరతు ఉన్న ప్రోగ్రాం 10 మిల్లీసెకన్లకు ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. ఆ చుట్టునే స్కాన్ అంటారు. స్కాన్ మొదట్లో సెన్సర్లన్నిటినీ ఒకసారి చదివి, ఆ చదివినదాని మీదే తక్కిన నిర్ణయాలన్నీ జరుగుతాయి. ఒక స్కాన్‌కూ ఇంకో స్కాన్‌కూ మధ్య ఫిల్మ్ 5 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. స్కాన్ మొదలయ్యే క్షణానికే గుర్తు సెన్సర్ కిందికి వస్తే కట్ సరైన చోట పడుతుంది, స్కాన్ అప్పుడే దాటిపోయాక వస్తే 5 మిల్లీమీటర్లు అవతల పడుతుంది. ఏ పౌచ్‌కు ఎంత తేడా వస్తుందో ముందుగా చెప్పలేం. కంపెనీ పేరులో సగం అక్షరం ఒక ప్యాకెట్టు మీదా, మిగతా సగం పక్క ప్యాకెట్టు మీదా పడేది ఇలాగే. గుర్తు వెడల్పు కూడా 5 మిల్లీమీటర్లే అయితే అది సెన్సర్ కింద ఉండేది 10 మిల్లీసెకన్లు. ఇంకాస్త సన్నగా ఉంటే ప్రోగ్రాం దాన్ని అసలు చూడకుండానే దాటిపోవచ్చు. రాసిన షరతు నిజమే, ఆ నిజం జరిగింది కూడా. అడిగే వేళకు అది వెళ్లిపోయింది, అంతే.

సెన్సర్ లేకుండా కొలతను నమ్ముకున్నా ఇదే చిక్కు ఇంకో వేషంలో వస్తుంది. స్థానం సరిగ్గా 120 మిల్లీమీటర్లకు సమానమైతే కట్టర్ వేయి అని రాశారనుకోండి. స్కాన్ స్కాన్‌కూ కంట్రోలర్‌కు కనబడే స్థానాలు 113, 118, 123 ఇలా ఉంటాయి. సరిగ్గా 120 కనబడడం కేవలం అదృష్టం. స్కాన్‌ను 1 మిల్లీసెకనుకు తగ్గించినా అడుగుకు అర మిల్లీమీటరు తేడా ఉంటుంది, ఎన్‌కోడరేమో మైక్రాన్లలో లెక్క చెబుతుంది. అందుకే అనుభవజ్ఞులు కదిలే ఇరుసు స్థానాన్ని సమానం గుర్తుతో పోల్చరు. 120 లేదా అంతకన్నా ఎక్కువ అయితే అని రాస్తారు. అయితే ఆ మార్పుతో ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. 120 దాటాక 123 దగ్గరా, 128 దగ్గరా కూడా షరతు నిజంగానే ఉంటుంది, కట్టర్ మళ్లీ మళ్లీ పడుతుంది. కాబట్టి ఒకసారి కోశాను అని గుర్తుపెట్టుకునే ఒక ఫ్లాగ్ కావాలి. పోయిన స్కాన్‌లో 120కి తక్కువ, ఈ స్కాన్‌లో 120 లేదా అంతకన్నా ఎక్కువ అయినప్పుడు మాత్రమే అని అంచును పట్టుకునే షరతు రాయాలి. ఐ మార్క్ విషయంలోనైతే మంచి కంట్రోలర్లలో లాచ్ ఇన్‌పుట్ ఉంటుంది. సెన్సర్ వెలిగిన క్షణంలో ఎన్‌కోడర్ ఏ అంకె దగ్గర ఉందో స్కాన్‌తో సంబంధం లేకుండా హార్డ్‌వేరే పట్టి దాచిపెడుతుంది. ప్రోగ్రాం కాస్త తీరిగ్గా వచ్చి ఆ అంకె చదివి, అక్కడి నుంచి ఇంకా ఎన్ని మిల్లీమీటర్లకు ఆగాలో లెక్కగడుతుంది. సెన్సర్ ఆన్‌లో ఉందా అనే ప్రశ్న సెన్సర్ ఎక్కడ ఆన్ అయింది అనే ప్రశ్నగా మారిందన్నమాట. పౌచ్ నాణ్యతకు ఆధారం ఈ మార్పే.

ఇక్కడి దాకా వచ్చామంటే ప్రోగ్రాంకు జ్ఞాపకం వచ్చినట్టే. ఫ్లాగ్ ఒక జ్ఞాపకం, లాచ్ ఒక జ్ఞాపకం. జ్ఞాపకాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు చెరిపేయాలో చెప్పకపోతే అది షరతు కన్నా ప్రమాదకరం అవుతుంది. ఫిల్మ్ మీద ఐ మార్క్ ఒక్కటే నల్లగా ఉండదు. మిరపకాయ బొమ్మ నీడ ఉంటుంది, పదార్థాల జాబితాలో అక్షరాలుంటాయి. సెన్సర్‌కు వాటికీ ఐ మార్క్‌కూ తేడా తెలియదు. అందుకే మార్క్ రావలసిన చోటుకు ముందూ వెనకా కొన్ని మిల్లీమీటర్ల కిటికీ పెట్టి, ఆ కిటికీలో కనబడినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఇందులో చాలామంది పొరబడే సూక్ష్మం ఒకటుంది. కిటికీ తెరిచేటప్పుడు పాత లాచ్‌ను చెరిపేయాలి. అలా చెయ్యకపోతే కిటికీకి ముందే అక్షరాల మీద పట్టిన దొంగ గుర్తు లోపల కూర్చుని ఉంటుంది. కిటికీ తెరవగానే, అదిగో మార్క్ వచ్చేసింది అని ప్రోగ్రాం సంబరపడి మోటారు ఆపేస్తుంది.

ప్యాకెట్టు అయితే చెత్తబుట్టలో వేస్తాం. ఇదే లోపం 1999 డిసెంబరు 3న ఒక అంతరిక్ష నౌకను బలి తీసుకుందని నమ్మడానికి గట్టి ఆధారం ఉంది. అమెరికా పంపిన మార్స్ పోలార్ ల్యాండర్ ఆ రోజు అంగారక గ్రహం దక్షిణ ధ్రువం దగ్గర దిగవలసింది, దిగలేదు. దిగే సమయంలో అది సమాచారం పంపే ఏర్పాటు లేదు కాబట్టి కారణాన్ని కచ్చితంగా తేల్చలేకపోయారు. 2000లో వచ్చిన విచారణ నివేదిక మాత్రం అన్నిటికన్నా సంభవమైన కారణంగా ఒక షరతును చూపింది. కాళ్లలో ఏదైనా నేలను తాకినట్టు సెన్సర్ చెబితే ఇంజన్లు ఆపు అన్నదే ఆ షరతు. దాన్ని నేలకు 40 మీటర్ల ఎత్తుకు వచ్చాకే అమలు చేయాలని పెట్టారు. అయితే ప్రాసెసర్ మీద భారం ఒకేలా ఉండాలని సెన్సర్లను చదవడం మాత్రం చాలా ముందే మొదలుపెట్టారు. సుమారు 1500 మీటర్ల ఎత్తులో మడిచిన కాళ్లు విచ్చుకుంటాయి. ఆ కుదుపుకు సెన్సర్లు నేలను తాకినట్టే సంకేతం ఇవ్వగలవని పరీక్షల్లో తేలింది. సాఫ్ట్‌వేర్ ఒక్క సంకేతాన్ని చూసి మోసపోకుండా వరసగా రెండుసార్లు వస్తేనే నమ్మేలా రాశారు. కానీ కుదుపు ఆ రెండు రీడింగులకు సరిపడేంత సేపు ఉండగలదు. అలా నిలిచిపోయిన గుర్తును 40 మీటర్ల దగ్గర ఎవరూ చెరపలేదు. షరతు అమల్లోకి వచ్చిన మరుక్షణం ఇంజన్లు ఆగాయి, నౌక సెకనుకు దాదాపు 22 మీటర్ల వేగంతో నేలను కొట్టుకుంది. నివేదిక చెప్పినదాన్ని బట్టి జరిగింది ఇది. రాసినవాళ్లు అజ్ఞానులు కారు. షరతు తర్కంలో లోపం లేదు, దొంగ సంకేతాల గురించి ఆలోచించి రెండు రీడింగుల నియమం కూడా పెట్టారు. జవాబుకు ఆయుష్షు ఎంతో మాత్రం రాయలేదు.

ప్రశ్నను తొందరపడి అడగడంలో ఇంకో రకం ఉంది. లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రాల కంట్రోలర్లు మలుపుల దగ్గర వేగం తగ్గకుండా ఉండాలని ప్రోగ్రాంలో రాబోయే వరసలను ముందే చదివి లెక్కలు వేసి పెట్టుకుంటాయి. టూల్ ఇంకా మూడో వరసలో లోహాన్ని కోస్తుంటే కంట్రోలర్ పదో వరస చదువుతూ ఉండవచ్చు. ఆ పదో వరసలో ఫలానా సెన్సర్ వెలిగితే ఈ దారి, లేకపోతే ఆ దారి అని ఉందనుకోండి. టూల్ అక్కడికి చేరకముందే తీర్పు అయిపోతుంది. అందుకే లినక్స్‌సీఎన్‌సీ వంటి కంట్రోలర్లలో ఇన్‌పుట్‌ను చదవడానికి ఎం66 అనే ప్రత్యేక ఆజ్ఞ ఉంది. అది ముందుచూపును ఆపి, అప్పటిదాకా ఉన్న కదలికలు పూర్తయ్యాకే ఇన్‌పుట్ చదువుతుంది. అక్కడ కాస్త వేగం పోతుంది, ఆ నష్టాన్ని ఒప్పుకోవలసిందే.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం సహేతుకమైనదే. ఈ రోజుల్లో ఇవన్నీ చేత్తో రాయనక్కర్లేదు కదా, కదలికల కోసం ప్రమాణబద్ధమైన ఫంక్షన్ బ్లాకులు ఉన్నాయి కదా అంటారు. నిజమే. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే కంట్రోలర్ల భాషలకు ఐఈసీ 61131-3 అనే ప్రమాణం 1993లో వచ్చింది. దాని మీద పీఎల్‌సీఓపెన్ సంస్థ కదలికల బ్లాకులను నిర్వచించింది. ఫలానా చోటికి వెళ్లు అనే బ్లాకుకు డన్, బిజీ, ఎర్రర్, కమాండ్ అబార్టెడ్ వంటి జవాబులు సిద్ధంగా ఉంటాయి. నాకు వాటిమీద గౌరవం ఉంది, ఎంతో శ్రమ తగ్గించాయి. కానీ ఆ జవాబులకు కూడా కాలం అంటుకునే ఉంది. డన్ అంటే ఆజ్ఞాపించిన స్థానం గమ్యానికి చేరిందని. మోటారుకు తగిలించిన బరువు అప్పటికి ఇంకా కొద్దిగా వెనకపడి ఉండవచ్చు, చేరినా ఊగుతూ ఉండవచ్చు. సీసాలను పెట్టెలో పెట్టే యంత్రంలో డన్ రాగానే గ్రిప్పర్ తెరిస్తే సీసా పెట్టె అంచు మీద పడుతుంది. అసలు స్థానం గమ్యానికి ఇన్ని మైక్రాన్ల లోపలికి వచ్చి, ఇన్ని మిల్లీసెకన్లు అక్కడే ఉంటే అని ఇంకో షరతు కలిపినవాడే ఆ సీసాను సరిగ్గా నిలబెడతాడు. ఇక కమాండ్ అబార్టెడ్ సంగతి. కదలిక మధ్యలో వేరే ఆజ్ఞ వచ్చి పాతది రద్దయితే డన్ రాదు, ఎర్రర్ కూడా రాదు. డన్ అయితే ముందుకు వెళ్లు, ఎర్రర్ అయితే ఆగు అని రెండే రాసిన ప్రోగ్రాం అక్కడ శిలలా నిలబడిపోతుంది. ఆపరేటరు ఎంతసేపు స్టార్ట్ నొక్కినా కదలదు. యంత్రం చెడిపోయిందని అందరూ అనుకుంటారు. చెడిపోయింది యంత్రం కాదు, మూడో జవాబుకు ప్రోగ్రాంలో చోటు లేదు.

జవాబు అసలు రాకపోతే ఏం చేయాలన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన షరతు. ఇరుసు చివర ఉండే లిమిట్ స్విచ్‌ను మామూలు రోజుల్లో కరెంటు పారుతూ ఉండేలా, తగిలినప్పుడు తెగేలా కలుపుతారు. వైరు ఎలుక కొరికినా, కనెక్టరు ఊడినా యంత్రం దాన్ని ప్రమాదంగానే భావించి ఆగుతుంది. నిశ్శబ్దాన్ని క్షేమమని అనుకోకూడదన్న ఈ సూత్రాన్ని ప్రోగ్రాంలోకి కూడా తీసుకురావాలి. తన సున్నా స్థానాన్ని చూపే హోమ్ సెన్సర్ వెతుకుతూ బయలుదేరిన ఇరుసు ఇంత దూరంలో, ఇంత సమయంలో దాన్ని చూడకపోతే ఆగి కారణం చెప్పాలి. ఐ మార్క్ ఒక పౌచ్‌కు కనబడకపోతే కొలత ప్రకారం 120 మిల్లీమీటర్లు లాగి పని కొనసాగించవచ్చు, వరసగా మూడింటికి కనబడకపోతే ఆగిపోవాలి. ఆ మూడు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, ఫిల్మ్ ఖరీదెంతో, అందులో అతుకులు ఎంత తరచుగా వస్తాయో తెలిసిన మనిషి నుంచి రావాలి. పుస్తకంలో దొరకదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్రాణాలకు సంబంధించిన భద్రతను ప్రోగ్రాంకు వదలకూడదు, ఎమర్జెన్సీ స్టాప్, గార్డు స్విచ్ వంటివి విడిగా హార్డ్‌వేర్‌లో ఉండాలి, అవి ఉన్నాక ప్రోగ్రాం షరతుల గురించి ఇంత ఆందోళన ఎందుకు అంటారు. మొదటి సగాన్ని మనసారా ఒప్పుకుంటాను. దానికి నిదర్శనంగా థెరాక్-25 చరిత్ర చాలు. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఆ క్యాన్సర్ చికిత్స యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య ఆరుసార్లు రోగులకు విపరీతమైన మోతాదులో రేడియేషన్ ఇచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. అంతకుముందు నమూనాల్లో ఉన్న హార్డ్‌వేర్ అడ్డుకట్టలను అందులో తీసేసి సాఫ్ట్‌వేర్ మీద భారం వేశారు. కిరణానికి అడ్డంగా సరైన పరికరం వచ్చేలా తిరిగే బల్ల ఒకటి అందులో ఉంటుంది. అమెరికాలోని యాకిమా ఆసుపత్రిలో 1987 జనవరిలో జరిగిన ప్రమాదానికి కారణం ఆ బల్ల స్థానాన్ని సరిచూసే షరతే. ఒక ఫ్లాగ్ సున్నా కాకపోతే బల్ల స్థానం చూడు అని రాశారు. ఫ్లాగ్‌ను నిలపడానికి ఒక స్థిరమైన అంకె పెట్టకుండా ప్రతి చుట్టులోనూ ఒకటి కలుపుతూ పోయారు. ఒక బైటులో 255 తర్వాత వచ్చేది సున్నా. ప్రతి 256వ చుట్టులో ఆ క్షణమంతసేపు ఫ్లాగ్ సున్నా అవుతుంది, తనిఖీ జరగదు. సరిగ్గా ఆ క్షణంలోనే ఆపరేటరు సెట్ మీట నొక్కాడు. వందలసార్లు పరీక్షించినా దొరకని లోపం ఇది, ఎందుకంటే ఆ షరతు దాదాపు ఎప్పుడూ సరిగానే పనిచేస్తుంది.

కాబట్టి హార్డ్‌వేర్ అడ్డుకట్ట తప్పనిసరి. కానీ అది ఉంది కదా అని ప్రోగ్రాంను అలక్ష్యం చేస్తే ఏమవుతుందో జీడిమెట్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. షరతులు సరిగా లేని యంత్రం అకారణంగా మాటిమాటికీ ఆగుతుంది. గంటకు ఇన్ని ప్యాకెట్లు అని లెక్క అప్పజెప్పవలసిన ఆపరేటరు విసిగిపోయి గార్డు స్విచ్‌కు టేపు చుడతాడు, సెన్సర్ ముందు ఇనుప ముక్క అతికిస్తాడు. తప్పు అతనిది అని తేల్చేయడం సులువు. ఆ టేపును అక్కడికి రప్పించింది కాలం లెక్క చూడకుండా రాసిన షరతు. చేతిని కాపాడే స్విచ్ నిలవాలంటే, చేతితో సంబంధం లేని షరతులు కూడా సరిగా ఉండాలి.

ఇదే చోట మూడో అభ్యంతరం నా వాదనకు ఎదురు తిరుగుతుంది. అన్నిటికీ కిటికీలు, గడువులు, హద్దులు పెట్టుకుంటూ పోతే ఆ హద్దులే యంత్రం కాళ్లు కట్టేయవా? కట్టేస్తాయి. 2019లో మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రుడి మీద దిగుతూ కూలిపోయింది. అప్పుడు ఏం జరిగిందో 2023లో అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ బహిరంగంగానే వివరించారు. ఇంజన్ల తోపు అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చింది, తేడాలు పేరుకున్నాయి. వాటిని సరిదిద్దుకోవడానికి నౌక చాలా వేగంగా తిరగవలసి వచ్చింది, అంత వేగం అవసరమవుతుందని ఊహించకపోవడం వల్ల సాఫ్ట్‌వేర్ హద్దు దాన్ని ఆపింది. దిగవలసిన చోటు కూడా 500 మీటర్ల చదరమే. అంత ఇరుకైన చోటికి చేరుకోవడానికి వేగం పెంచుకుంది. ఒక్కో హద్దూ విడివిడిగా సబబైనదే. అన్నీ ఒకేసారి బిగుసుకున్న వేళ వాటిలో ఏది సడలాలో చెప్పే షరతు లేదు. చంద్రయాన్-3 కోసం దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్ల మేరకు పెంచారు. ఏవేవి విఫలం కావచ్చో ముందు రాసుకుని, ఒక్కోదానికీ దారి కట్టారు. 2023 ఆగస్టు 23న విక్రమ్ అనే పేరే ఉన్న దాని ల్యాండరు నిలకడగా దిగింది. అందుచేత నేను హద్దులు పెంచమని అడగడం లేదు. పెట్టిన ప్రతి హద్దు పక్కనా అది ఏ దశలో చెల్లుతుందో, దాటితే యంత్రం ఏ స్థితికి పోవాలో రాయమంటున్నాను. ఆగి ఉంది, హోమ్ వెతుకుతోంది, నడుస్తోంది, లోపంలో ఉంది అని యంత్రం దశలను విడగొట్టి, ఏ దశకు ఆ దశ షరతులు రాసుకుంటే వాటి సంఖ్య పెరగదు, తగ్గుతుంది. లిమిట్ స్విచ్ తగలడం నడుస్తున్నప్పుడు లోపం. హోమ్ వెతికేటప్పుడు అదే స్విచ్ తగలడం కొన్ని యంత్రాల్లో కావలసిన జవాబు.

ఇదంతా అనుభవం మీద వస్తుంది, చదువులో ఇమడదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో షరతులను సాధారణంగా బల్బు వెలిగించి ఆర్పుతూ నేర్పుతారు. బల్బు ఎక్కడికీ కదలదు కాబట్టి 10 మిల్లీసెకన్ల ఆలస్యం ఎవరికీ కనబడదు. దాని బదులు ఒక చిన్న మోటారు, ఒక రోలరు, మీద నల్లగీత గీసిన కాగితపు చుట్ట, ఒక ఫొటో సెన్సర్ పెట్టండి. గీత కనబడితే ఆపు అనే ఆ ఒక్క షరతునే సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో నడిపించండి. కాగితం ఆగే చోటులో అర మిల్లీమీటరుకు మించి చెదురు ఉండదు, విద్యార్థి తన ప్రోగ్రాం సరైనదని అంటాడు. అక్షరం మార్చకుండా వేగాన్ని 500కు పెంచండి, చెదురు 5 మిల్లీమీటర్లకు వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో స్కేలు పెట్టి కొలిచి అతన్నే చెప్పమనండి. ఆ తర్వాత సెన్సర్ వైరు పీకి, స్టార్ట్ నొక్కమనండి.